నలభై అంతస్తుల టవర్లు ఒకవైపు, పిచ్చిమొక్కల వెంచర్లు ఇంకోవైపు: హైదరాబాద్ పైకి పెరగాలా, పక్కకా?

తెల్లాపూర్ వెంకట్ | శనివారం, ఉదయం 9:40

పేపర్ తెరిస్తే రెండే రకాల యాడ్‌లు. ఒకటి కోకాపేటలో ఆకాశాన్నంటే టవర్. రెండోది సదాశివపేట దాటాక "రేపటి హైదరాబాద్" అంటూ ప్లాట్లు. ఒకే ఊరు ఈ రెండు పనులూ ఒకేసారి ఎలా చేస్తోందో నాకు అర్థం కాదు.

నా ఓటు పైకి పెరగడానికే. ఎకరంలో వందల కుటుంబాలు సర్దుకుంటే చుట్టుపక్కల పొలాలు, చెరువులు మిగులుతాయి. 2006లో జీవో 86తో ఇక్కడ ఎఫ్‌ఎస్‌ఐ (ప్లాటు విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న లెక్క) పరిమితి ఎత్తేశారు. రోడ్డు వెడల్పును, ప్లాటు సైజును బట్టి ఎంత ఎత్తయినా కట్టుకోవచ్చు. ముంబైలో 1991 రూల్స్ ప్రకారం ద్వీప నగరంలో 1.33, శివార్లలో 1 అని చాలా ఏళ్లు కట్టిపడేశారు. అక్కడ ఇళ్ల ధరలు ఏమయ్యాయో అందరికీ తెలుసు. మనకు ఆ బాధ తప్పింది. అయినా జనం ఇంకా యాభై కిలోమీటర్ల అవతల గజాలు ఎందుకు కొంటున్నారు?

---

చింతల్ చిన్నోడు | ఉదయం 9:58

పైకీ వద్దు, పక్కకీ వద్దు. ముందు మా గల్లీలో నల్లా నీళ్లు ఫోర్స్‌గా వచ్చేలా చూడమనండి.

---

సైట్ ఇంజినీర్ | ఉదయం 10:35

వెంకట్ గారూ, "ఎకరంలో వందల కుటుంబాలు" అన్నారు కదా, అక్కడే లెక్క తేడా కొడుతోంది. చేతి లెక్కే వేద్దాం.

ఎకరం అంటే 4,840 గజాలు. వెంచర్ వేస్తే రోడ్లకు, పార్కుకు పోను అమ్మడానికి 2,800 గజాలు మిగులుతాయి. 200 గజాల చొప్పున 14 ప్లాట్లు. అందరూ ఇళ్లు కట్టుకున్నా, విల్లాలైతే 14 కుటుంబాలు. జీ ప్లస్ 2 కట్టి అంతస్తుకో కుటుంబం ఉంటే 42.

ఇప్పుడు టవర్. కోకాపేట వైపు కట్టేవి ఎక్కువగా పెద్ద ఫ్లాట్లు, మూడు వేల ఎస్‌ఎఫ్‌టీ అక్కడ మామూలే. ఒక్కో ఫ్లాటుకు యూడీఎస్ (భూమిలో వచ్చే వాటా) 48 గజాలు వేసుకోండి. ఎకరానికి వంద ఫ్లాట్లు.

ఇక బోరబండ బస్తీ. 60 గజాల ఇళ్లు. గల్లీలకు మూడో వంతు లోపే పోతుంది. 3,400 గజాలు మిగిలాయనుకుంటే 56 ఇళ్లు. కింద ఓనర్, పైన రెండు పోర్షన్లలో అద్దెకున్నవాళ్లు. అంటే ఎకరానికి 168 కుటుంబాలు. లిఫ్ట్ లేదు, క్లబ్ హౌస్ లేదు, నలభై అంతస్తులు అసలే లేవు.

ఇవి అంచనాలే. టవర్‌లో చిన్న ఫ్లాట్లు కడితే నూట యాభై దాటొచ్చు. కానీ చిన్న ఫ్లాట్లు కట్టడానికి అక్కడ భూమి ధర ఒప్పుకోదు. 2023 ఆగస్టు వేలంలో కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటింది. ఆ రేటుకు కొన్నవాడు డ్రైవర్‌కో, నర్సుకో ఇల్లు కడతాడా? ఎత్తు పెరిగినంత మాత్రాన జనం పట్టరు. పైగా ఆ వంద ఫ్లాట్లలో రాత్రి ఎన్నింట్లో లైట్లు వెలుగుతాయో కింద నిలబడి చూడండి. ఇన్వెస్ట్‌మెంట్ అని కొని తాళం వేసినవి తక్కువేం కాదు.

---

తెల్లాపూర్ వెంకట్ | ఉదయం 11:02

> ఎకరానికి 168 కుటుంబాలు

లెక్క బాగానే ఉంది ఇంజినీర్ గారూ. అయితే అందరం వెళ్లి బోరబండలా బతకాలా? ఫైర్ ఇంజిన్ రాని గల్లీ, కిటికీ తీస్తే పక్కింటి గోడ. అది సిటీ ప్లానింగ్ అంటే నాకు వద్దు.

---

రహమత్‌నగర్ రేష్మ | ఉదయం 11:47

వెంకట్ అన్నా, "బోరబండలా బతకడం" అంటే ఏంటో అక్కడ పెరిగిన మనిషిగా చెప్తాను. కిటికీ ముందు గోడ నిజమే. వాన పడితే మ్యాన్‌హోల్ పొంగడం కూడా నిజమే. కానీ మా అమ్మ ఎప్పుడూ బండి నేర్చుకోలేదు, ఆ అవసరమే రాలేదు. కూరగాయలు, టైలర్, బడి, దవాఖాన అన్నీ నడిచే దూరంలోనే. నాన్న ప్లంబర్. పొద్దున్నే అమీర్‌పేట అడ్డా మీదికి నడిచి వెళ్లేవాడు. ఇప్పుడు యూసుఫ్‌గూడలో మెట్రో స్టేషన్ కూడా ఉంది.

మా ఇంటిపక్క అద్దెకున్న కుటుంబం సిటీ చివర సర్కారు డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు వచ్చిందని సంబరంగా వెళ్లింది. ఆరు నెలలు తిరక్కుండా ఆ ఇంటికి తాళం వేసి మళ్లీ మా బస్తీకే అద్దెకు వచ్చేశారు. అక్కడ ఆవిడకు ఇళ్లలో పని దొరకలేదు, వచ్చే బస్సులూ తక్కువే.

ఇరుకును నేను పొగడట్లేదు. మా గల్లీలకు పెద్ద డ్రైనేజీ లైన్, రెండు మూడు చోట్ల వెడల్పు రోడ్డు ఇస్తే చాలు అంటున్నా. మమ్మల్ని లేపి ఊరవతల పెడితే మాత్రం బాగుపడం.

---

శారద, ప్లానింగ్ | మధ్యాహ్నం 12:30

రేష్మ చెప్పింది ఇంకొంచెం సాగదీస్తాను. ఎకరానికి ఎంతమంది అన్నది ఒక ప్రశ్న. ఒక్కో గదిలో ఎంతమంది అన్నది వేరే ప్రశ్న. మన చర్చల్లో ఈ రెండూ కలిసిపోతాయి. గదిలో ఆరుగురు పడుకోవడం పేదరికం వల్ల, అద్దెలు అందకపోవడం వల్ల వచ్చేది. ఎకరానికి కుటుంబాలు పెరిగితే మంచే జరుగుతుంది, కింద పైపులు, ముందు రోడ్డు దానికి తగ్గట్టు ఉంటే. అవి లేకపోతే ప్రాణాల మీదికి వస్తుంది. 2025 మేలో చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఒకే ఇంట్లో 17 మంది అగ్నిప్రమాదంలో పోయారు. బయటపడటానికి ఆ ఇంటికి ఉన్నది ఇరుకు దారే.

ఈ ఊరికి ఆ పని చేతకాక కాదు. 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. గండిపేట, హిమాయత్‌సాగర్ కట్టారు, డ్రైనేజీకి ప్లాన్ వేశారు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి ఇరుకు బస్తీలు తీసేసి రోడ్లు వెడల్పు చేశారు, గాలీ వెలుతురూ ఉండే ఇళ్లు కట్టించారు. పత్తర్‌గట్టి ఆ బోర్డు చలవే. ముందు వీధి, తర్వాత ఇల్లు అన్నది అప్పటి పద్ధతి. ఇప్పుడు ముందు ప్లాటు, తర్వాత ఇల్లు, ఆ తర్వాత ఎల్‌ఆర్‌ఎస్, అంటే అనుమతి లేని లేఔట్లను రెగ్యులర్ చేసే స్కీం.

ఎల్‌ఆర్‌ఎస్ ఎంత పెద్ద సంగతో చూడండి. 2020లో స్కీం ప్రకటిస్తే రాష్ట్రం మొత్తం మీద 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అనుమతి లేని లేఔట్లలో కొన్నామని లక్షల మంది స్వయంగా రాసిచ్చారన్నమాట. ఫీజు కడితే ప్లాటు రెగ్యులర్ అవుతుంది. వదలని పార్కు మాత్రం ఎక్కడి నుంచీ రాదు, ఇరవై అడుగుల రోడ్డు ముప్పై కాదు.

2011 జనాభా లెక్కల్లో జీహెచ్‌ఎంసీలో 67 లక్షల మంది, విస్తీర్ణం 625 చదరపు కిలోమీటర్లు. చదరపు కిలోమీటరుకు పది వేల పైచిలుకు. చుట్టుపక్కల ప్లానింగ్ చూసే హెచ్‌ఎండీఏ పరిధి 2008లోనే 7,257 చదరపు కిలోమీటర్లు. 2025 చివర్లో ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) లోపలా, దాని అంచునా ఉన్న 27 మున్సిపాలిటీలను, కార్పొరేషన్లను జీహెచ్‌ఎంసీలో కలిపారు. దాంతో విస్తీర్ణం ఒక్కసారిగా రెండు వేల చదరపు కిలోమీటర్లు దాటింది. హద్దు గీయడం తేలికే, ఆ హద్దు దాకా మురుగు పైపు వేయడం దగ్గరే కష్టం.

---

ప్లాట్ల ప్రసాద్ | మధ్యాహ్నం 1:15

మేడం గారూ, మీరు చెప్పినవన్నీ కరెక్టే. కానీ కస్టమర్ వైపు నుంచి కూడా చూడండి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ప్రైవేటు టీచర్లు, షాపుల్లో పనిచేసేవాళ్లు, గల్ఫ్ నుంచి డబ్బు పంపేవాళ్లు. సిటీలో ఫ్లాట్ కొనాలంటే కోటి కావాలి. ఈఎంఐకి జీతం చాలదు. బ్యాంకులో వేస్తే వడ్డీ ధరల పెరుగుదలకే సరిపోతుంది. పిల్ల పెళ్లికో, చదువుకో అక్కరకొస్తుందని 150 గజాలు కొంటారు. వాళ్లు అక్కడ ఇల్లు కట్టరు, కట్టాలనీ అనుకోరు. అది వాళ్ల ఫిక్స్‌డ్ డిపాజిట్.

వెంచర్ ఖాళీగా ఉందని తిట్టేముందు వాళ్లకు ఇంకో దారి చూపించండి.

---

సైట్ ఇంజినీర్ | మధ్యాహ్నం 1:28

ప్రసాద్ గారూ, మీ కస్టమర్లను ఎవరూ తప్పుపట్టట్లేదు. కానీ ఆ డిపాజిట్‌కు వడ్డీ కడుతున్నది ఊరే కదా. మూడొందల ప్లాట్లలో నాలుగు ఇళ్లు లేస్తాయి. ఆ నాలుగు ఇళ్లవాళ్లు కరెంటు స్తంభాలు, రోడ్డు, నీళ్లు అడుగుతారు. న్యాయంగానే అడుగుతారు. మూడొందల ఇళ్లకు వేయాల్సిన లైను నాలుగిళ్ల కోసం వేయాలి. మిగతా 296 మంది పైసా కట్టరు. ఖాళీ స్థలం పన్ను అని చట్టంలో ఉంది, వసూలు మాత్రం నామమాత్రం. పైపు పడ్డ మర్నాడు గజం రేటు పెరిగితే ఆ లాభం కూడా వాళ్లదే.

---

శంకర్‌పల్లి రైతుబిడ్డ | మధ్యాహ్నం 2:50

మీరందరూ ఇళ్లు లెక్కపెడుతున్నారు, నేను పొలాలు లెక్కపెడతాను. చేవెళ్ల, శంకర్‌పల్లి, మొయినాబాద్ అంటే సిటీకి టమాట, క్యారెట్, ఆకుకూరలు, పూలు పోయే ఊళ్లు. తెల్లవారుజామునే ఆటో ట్రాలీల్లో మార్కెట్‌కు పోయేవి. ఇప్పుడు మా ఊళ్లో కూలీ దొరకడు. చుట్టూ ఫామ్ ప్లాట్లకు కాంపౌండ్ గోడలు లేచి పొలానికి పోయే బండ్లబాట మూసుకుపోయింది. పక్కవాడు అమ్మితే మనమూ అమ్మాల్సిందే, వేరే దారి ఉండదు.

111 జీవో సంగతి కూడా చెప్పాలి. 1996లో గండిపేట, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో కట్టడాలకు అడ్డు పెట్టారు. చెరువుల కోసం అది మంచిదేనని మా పెద్దలూ ఒప్పుకునేవారు. కానీ పక్క మండలంలో ఎకరం కోట్లు పలుకుతుంటే మాది లక్షల్లో ఉండిపోయింది. ఆ నష్టానికి మాకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. రూల్ రైతుకే గట్టిగా పట్టింది. గోడల వెనక ఫామ్‌హౌస్‌లు, ఫంక్షన్ హాళ్లు లేస్తూనే ఉన్నాయి. 2022లో జీవో 69తో ఆ ఆంక్షలు తీసేస్తున్నామన్నారు, 2023లో పూర్తిగా రద్దన్నారు. అప్పటికి మా వైపు భూమి చాలామటుకు రైతుల చేతుల్లో లేదు.

పొలం మిగలాలి అంటారు కదా వెంకట్ సార్. మిగిలితే సిటీకి లాభం, అమ్ముకోకుండా ఆపుకున్నందుకు నష్టం మాకు. ఇది ఎలా కుదురుతుంది?

---

మాడరేటర్ | మధ్యాహ్నం 3:05

రెండు పోస్టులు తీసేశాను. ఏ పార్టీ ఏ జీవో ఇచ్చిందన్న గొడవకు వేరే థ్రెడ్ ఉంది.

---

వైట్‌ఫీల్డ్ తెలుగోడు | సాయంత్రం 4:20

శారద గారి మురుగు పైపు మాటకు బెంగళూరు నుంచి సాక్ష్యం. 2007లో బీబీఎంపీ (బెంగళూరు నగరపాలక సంస్థ) ఏర్పాటు చేసి చుట్టూ ఉన్న 110 గ్రామాలను కలిపారు. ఆ గ్రామాల్లో టెక్ పార్కులు వచ్చాయి, వేలకు వేలు ఫ్లాట్లు వచ్చాయి. కావేరీ నీళ్లు రాలేదు. బోర్లు, ట్యాంకర్ల మీదే నడిచింది. 2024 మార్చిలో బోర్లు ఎండిపోయేసరికి మా అపార్ట్‌మెంట్‌లో బాల్కనీ కడిగినా ఫైన్ అని నోటీసు పెట్టారు. ఆ ఊళ్ల కోసం తలపెట్టిన కావేరీ అయిదో దశ మొదలైంది 2024 అక్టోబరులో. కలిపిన పదిహేడేళ్లకు.

హైదరాబాద్‌కు కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ నుంచి, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి వంద కిలోమీటర్లకు పైగా ఎత్తిపోసి తెస్తున్నారు. ఊరు సదాశివపేట దాకా పాకితే ఆ పైపు ఇంకా పొడుగవుతుంది, మోటారు కరెంటు బిల్లూ అంతే.

---

బస్‌పాస్ | సాయంత్రం 5:10

బస్సు గురించి ఒక్కరూ మాట్లాడలేదు. ఊరు ఎటు పెరుగుతుందో తేల్చేది రోడ్డూ బస్సూ. ముందు 158 కిలోమీటర్ల ఓఆర్‌ఆర్ వేశాం. ఎనిమిది లైన్లు, కారు ఉన్నవాడికి స్వర్గం. దానికి రెండు వైపులా కిలోమీటరు మేర గ్రోత్ కారిడార్ అన్నారు, లోపల గ్రిడ్ రోడ్లు గీశారు. గీసినవాటిలో వేసినవెన్నో ఆ వైపు తిరిగే ఎవరినైనా అడగండి. ఇప్పుడు సంగారెడ్డి, చౌటుప్పల్ మీదుగా దాదాపు 340 కిలోమీటర్ల రీజినల్ రింగ్ రోడ్డు వస్తోంది. అలైన్‌మెంట్ ఖరారు కాకముందే దాని పేరు మీద ప్లాట్లు అమ్ముడయ్యాయి.

మెట్రో మొదటి దశ మాత్రం 69 కిలోమీటర్ల దగ్గరే ఆగింది. కారు దారి ఒకదాని వెంట ఒకటి వస్తుంటే ఊరు కారు వెళ్లగలిగినంత దూరం పోతుంది, అందులో వింతేముంది? మెట్రో ఇరువైపులా నడిచే దూరంలో ఇళ్లు ఎక్కువగా కట్టనివ్వాలి, అదీ చిన్న ఇళ్లు. ఇక్కడ ఎఫ్‌ఎస్‌ఐ పరిమితే లేదు కాబట్టి స్టేషన్ పక్కన కట్టినా, ఓఆర్‌ఆర్ పక్కన కట్టినా బిల్డర్‌కు రూల్ ఒకటే. అలాంటప్పుడు పెద్ద ముక్కలుగా భూమి దొరికే ఓఆర్‌ఆర్ వైపే పోతాడు. వెంకట్ గారు వరం అన్న జీవో 86కు ఈ కోణం కూడా ఉంది.

మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక బస్సుల్లో కాలు పెట్టే చోటు లేదు. ఎక్కేవాళ్లు ఉన్నారు, బస్సులే చాలట్లేదు.

---

నైరోబీ నుంచి సుబ్బారావు | రాత్రి 8:45

చదువుతుంటే ఇక్కడి కథే చదువుతున్నట్టుంది. నైరోబీలో ఎయిర్‌పోర్టు వైపు పైప్‌లైన్ అనే పేట ఉంది. ఏడెనిమిది అంతస్తుల బిల్డింగులు, ఒక్కో కుటుంబానికి పదడుగుల గది, అంతస్తుకు ఒకటో రెండో ఉమ్మడి బాత్‌రూములు. కింది గదుల్లో పగలు కూడా లైటు వేయాలి. నీళ్లు క్యాన్ లెక్కన కొనుక్కోవాలి. సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదిలే ఖాళీ) లేదు, పర్మిషన్ లేదు, లిఫ్ట్ లేదు. అయినా గది ఖాళీ అయితే రెండు రోజుల్లో నిండిపోతుంది. ఫ్యాక్టరీలకు నడిచిపోవచ్చు, అందుకే.

ఇంకోవైపు కిటెంగెలా. నేషనల్ పార్కు దక్షిణాన మసాయి పశువుల కాపరుల మేత భూములు. అడవి జంతువులు వలస పోయే దారి కూడా అదే. ముక్కలు ముక్కలుగా ప్లాట్లు చేసి కంచెలు వేశారు. మన ప్రసాద్ గారి కస్టమర్ల లాంటివాళ్లే అక్కడా కొంటారు, టీచర్లు, గుమాస్తాలు. 2012లో థీకా హైవే వెడల్పు చేశాక ఉత్తరాన కూడా అదే వరస.

ఒక్క తేడా చెప్తాను. ఇక్కడ ఎక్కువమంది అద్దెకే ఉంటారు. పైప్‌లైన్ కట్టిన ఓనర్లు పైప్‌లైన్‌లో ఉండరు. బోరబండలో కింద ఓనర్ ఉంటాడన్నారు కదా ఇంజినీర్ గారు, అది చిన్న విషయం కాదు. ఓనర్ అదే గల్లీలో నడిస్తే మ్యాన్‌హోల్ గురించి ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు.

---

బెజవాడ బాబాయ్ | రాత్రి 9:30

మా వైపు సంగతి కాస్త వినండి. బెజవాడకు ఒకపక్క కృష్ణ, ఇంకోపక్క కొండలు. సాగడానికి చోటు తక్కువ. జనం కొండ మీదికి మెట్లు కట్టుకుని ఎక్కారు, లేదంటే బుడమేరు పక్క పల్లంలోకి దిగారు. 2024 సెప్టెంబరులో సింగ్ నగర్ మునిగింది అందుకే. పల్లం అని తెలియక ఎవరూ కొనలేదు, అందిన ధరకు అదొక్కటే దొరికింది.

రైతుబిడ్డ అడిగినదానికి అమరావతి భూసమీకరణ ఒక జవాబు కావచ్చు. 29 గ్రామాల్లో 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. మెట్ట ఎకరానికి వెయ్యి గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. జరీబుకైతే (నది పక్క నీళ్లున్న సారవంతమైన భూమికి) వాణిజ్యం 450. ఏటా కౌలు వేరే. భూమి ఇచ్చిన రైతుకు పెరిగిన విలువలో వాటా అన్నది న్యాయమైన మాటే. కానీ 2019 తర్వాత పనులు ఆగిపోతే ఆ ప్లాటు కాగితం పట్టుకుని అయిదేళ్లు రోడ్డు మీద కూర్చున్నారు. పొలమూ లేదు, ఊరూ లేదు.

---

శారద, ప్లానింగ్ | రాత్రి 10:05

బాబాయ్ గారూ, అమరావతిలో మొత్తం నగరాన్ని ఒకే దెబ్బకు పందెం కాశారు. అందుకే ఒక ప్రభుత్వం మారితే అంతా ఆగింది. అహ్మదాబాద్ ఇదే పనిని చిన్న చిన్న ముక్కల్లో చేస్తుంది. టౌన్ ప్లానింగ్ స్కీం అంటారు. దాని మూలం 1915 బొంబాయి చట్టంలో ఉంది. ఒక ప్రాంతంలోని పొలాలన్నీ కాగితం మీద కలుపుతారు. రోడ్లకు, పార్కుకు, బడికి, పేదల ఇళ్లకు కలిపి నలభై శాతం దాకా కోస్తారు. మిగిలింది చక్కగా కోణాలు సరిచేసి అదే రైతులకు తిరిగిస్తారు. పెరిగిన విలువలో కొంత రుసుము కింద తీసుకుని పైపులు వేస్తారు. వాళ్ల 76 కిలోమీటర్ల రింగ్ రోడ్డుకు భూమి ఎక్కువగా ఇలాగే వచ్చింది. కోర్టు గొడవలు, ఆలస్యాలు అక్కడా ఉన్నాయి. కానీ ఒక స్కీం ఆగితే పక్క స్కీం ఆగదు.

హైదరాబాద్ చుట్టూ హెచ్‌ఎండీఏ కూడా కొన్ని చోట్ల ల్యాండ్ పూలింగ్ చేసింది. అయితే అది తాను లేఔట్ వేసి వేలం వేసుకోవడానికి ఎక్కువగా పనికొచ్చింది. ప్రైవేటు వెంచర్ల మధ్య రోడ్డు కలపడం ఎవరి పనీ కాలేదు. అందుకే పక్కపక్కనే ఉన్న రెండు గేటెడ్ కమ్యూనిటీల మధ్య గోడ ఉంటుంది, మెయిన్ రోడ్డు చుట్టి రావాలి. ఇప్పుడు 56 గ్రామాలతో 765 చదరపు కిలోమీటర్ల ఫ్యూచర్ సిటీ అంటున్నారు. ఉన్న ఊరి అంచులను కుట్టకుండా ఇంకో ఊరు మొదలుపెట్టడం నాకు నచ్చలేదు.

---

రహమత్‌నగర్ రేష్మ | రాత్రి 10:40

శారద అక్కా, ఆ స్కీంలో భూమి ఉన్నవాళ్లకు వాటా వస్తుంది. బస్తీలో అద్దెకున్నవాళ్లకు?

---

శారద, ప్లానింగ్ | రాత్రి 10:52

ఓనర్‌కే ప్లాటు. అద్దెకున్నవాళ్లకు అందులో హక్కు లేదు. పేదల ఇళ్లకని తీసిన స్థలంలో ఇళ్లు కడితే, అవి వాళ్లకు అందితే సరి. నీ ప్రశ్నకు నా దగ్గర ఇంతకంటే గట్టి జవాబు లేదు రేష్మా.

---

తెల్లాపూర్ వెంకట్ | ఆదివారం, ఉదయం 8:15

ఇంత వస్తుందనుకోలేదు. పైకే పెరగాలని ఇప్పటికీ అంటాను. కాకపోతే నలభై అంతస్తులు కాదు, మెట్రో పక్కన ఆరేడు అంతస్తులు, ఎనిమిది వందల ఎస్‌ఎఫ్‌టీ ఫ్లాట్లు. ఇంజినీర్ గారూ, అది బిల్డర్‌కు గిట్టుబాటవుతుందా?

---

సైట్ ఇంజినీర్ | ఉదయం 9:20

కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్ లాంటి చోట్ల 300 గజాల పాత ఇళ్లు రెండు మూడు కలిపి కడితే అవుతుంది. చిక్కు సెట్‌బ్యాక్ దగ్గర, పార్కింగ్ దగ్గర వస్తుంది. చిన్న ప్లాటులో వాటికి వదలగా మిగిలేది తక్కువ. మెట్రోకు అయిదు నిమిషాల దూరంలో ఉన్న బిల్డింగుకూ పార్కింగ్ రూల్ అదే. అక్కడ కార్ల వాటా తగ్గిస్తే స్టిల్ట్‌లో (కింది పార్కింగ్ అంతస్తులో) సగం షాపులకు ఇవ్వొచ్చు, ఫ్లాటు రేటు కూడా దిగుతుంది. ప్లాట్లు కలిపేందుకు ముగ్గురు అన్నదమ్ములు ఒక మాట మీదికి రావడం మాత్రం ఏ జీవోతోనూ అయ్యే పని కాదు :)

---

బస్‌పాస్ | ఉదయం 9:41

ఇప్పుడున్న మాస్టర్ ప్లాన్ 2031 దాకా వేసినది, 2013లో వచ్చింది. 2050కి కొత్తది తయారుచేస్తున్నారు. డ్రాఫ్ట్ బయటికొస్తే అభ్యంతరాలకు గడువు ఇస్తారు. స్టేషన్ల దగ్గర పార్కింగ్ తగ్గింపు, చిన్న ఫ్లాట్లు, వెంచర్ల మధ్య రోడ్ల లింకు, ఈ మూడు రాసి పెడదాం. శారద గారూ, భాష మీరు చూస్తారా?

---

శారద, ప్లానింగ్ | ఉదయం 10:10

చూస్తాను. నాలుగోది కూడా చేర్చండి, రేష్మ అడిగింది. అద్దె ఇళ్లకు విడిగా స్థలం. ఆ పేరా రేష్మే రాయాలి.